నలభై ఒకటో బాణం

ఓడ అంటే పడవకు పెద్దన్న అనుకుంటాం. ఆ ఓడ అలాంటిది కాదు. అదొక ఊరు. పద్నాలుగు అంతస్తులు, రెండు వేల మూడొందల గదులు. నెత్తి మీద విమానాలు దిగే దారి, దాని కింద వాటిని దాచే పెద్ద చావడి, ఇంకా కిందికి పోతే వంటశాలలు, ఆసుపత్రి, బట్టలుతికే గది, అన్నిటికంటే అడుగున ఇంజన్లు. కిటికీ అన్న మాటే లేదు. ఎటు చూసినా ఒకే రంగు ఇనప గోడ, ఒకేలాంటి ఇనప తలుపు. కొత్తగా ఎక్కినవాడొకడు స్నానానికి వెళ్ళి, తన మంచం దొరక్క తువ్వాలుతోనే మూడు గంటలు తిరిగాడని ఓడలు కట్టే యార్డులో పడీ పడీ నవ్వుకునేవారు.

అలాంటి ఊళ్ళో మనిషికి దారి చెప్పేది గోడ మీద బాణం గుర్తు ఒక్కటే. ఆ ఓడలో బాణాలన్నీ వేసింది ఒక్క మనిషి. ఆయన అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ తెలియదు. పెద్ద ఇంజనీరు దగ్గర నుంచి కాంటీన్‌లో గ్లాసులు కడిగేవాడి వరకు అందరికీ ఆయన బాణాలాయనే. ఆయన పోయి రెండో ఏడు నడుస్తోంది. ఇప్పటికీ ఆ వీధిలో ఆ ఇంటిని బాణాలాయన ఇల్లనే అంటారు.

బాణం అనగానే ఎదురుగా, కంటి ఎత్తున ఉంటుందనుకుంటారు. కాదు. నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. ఓడలో నిప్పంటుకుంటే దీపాలు పోతాయి, పొగ పైకి లేస్తుంది. మనిషి నేల మీద పాకుతూ బయటపడాలి. పాకేవాడి కంటికి, చేతికి అందేలా ఉండాలి బాణం. అందుకని ఆయన బతుకంతా గొంతుక్కూర్చునే గడిచింది. రేకు అచ్చు గోడకు ఆనించి, మెరిసే పచ్చరంగులో బ్రష్షు ముంచి, రెండు పూతలు. మళ్ళీ కప్పలా ఒక గెంతు. మళ్ళీ అచ్చు. ఇంటికొచ్చినా కుర్చీ ఎక్కేవాడు కాదు.

"మనకీ కుర్చీలు దండగండీ, ఎవరికైనా ఇచ్చేద్దాం" అనేది భార్య.

"ఉండనీవే, చుట్టాలకి పనికొస్తాయి" అనేవాడాయన, గోడకు ఆనుకుని గొంతుక్కూర్చునే.

ఆ పనికి ఒక నియమం ఉంది. ఓడ ముందుకొసను వాళ్ళు ముక్కు అంటారు, వెనక కొసను తోక అంటారు. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు ముక్కు వైపు తిరిగి నిలబడాలి. కుడిచేతి వైపు గదులకు బేసి అంకెలు, ఎడమచేతి వైపు గదులకు సరి అంకెలు. మెట్లు ఏ వైపుంటే బాణం ఆ వైపుకు. ఇది తప్పితే కొంప మునుగుతుంది. ఆయన ఎంతగా అలవాటు పడిపోయాడంటే, చుట్టాలింటికి వెళ్ళినా గుమ్మంలో ఆగి, "ఈ ఇంటికి ముక్కెటు?" అని అడిగేవాడు.

"ఈ ఇంటి సంగతి తెలీదు గానీ, ఇంకాసేపు గుమ్మంలో నిలబెడితే నా ముక్కు మీదికొస్తుంది కోపం" అనేది భార్య.

ఆ ఓడ కట్టడానికి పదకొండేళ్ళు పట్టింది. మొదటి ఇనప రేకు కోసిన రోజున యార్డంతా గుమిగూడింది. ఒక్క రేకు. ఒక మంచం పరుపంత. దాన్ని చూడటానికి నాలుగు వేల మంది! నిప్పురవ్వలు లేవగానే అందరూ చప్పట్లు. బాణాలాయన కూడా మునివేళ్ళ మీద లేచి చూశాడు, ఏమీ కనపడలేదు, అయినా అరిచొచ్చాడు. ఇంటికొచ్చాక గొంతు లేదు. ఏమైందంటే సైగలతో చెప్పాడు.

అంత ఓడను ఒకేచోట ఒకేసారి కట్టరు. ముక్కలు ముక్కలుగా కట్టి అతుకుతారు. ఒక్కో ముక్క నాలుగైదు ఇళ్ళంత ఉంటుంది, దాన్ని బ్లాకు అంటారు. తమాషా ఏమిటంటే బ్లాకును తలకిందులుగా కడతారు. పైకప్పును నేల మీద పరిచి, దాని మీద గోడలు నిలబెట్టి, అసలు నేలను ఆఖరున పైన మూస్తారు. ఎందుకూ అంటే వెల్డరుకు కిందికి చూస్తూ అతకడం సుళువు. నెత్తి మీదికి చూస్తూ అతికితే కరిగిన ఇనుము మెడలోకి జారుతుంది. అంతా అయ్యాక రెండు క్రేన్లు రెండు వైపులా పట్టుకుని, బోర్లాపడిన పసిబిడ్డను తల్లి వెల్లకిలా తిప్పినట్టు, నెమ్మదిగా గాలిలో తిప్పుతాయి. అది తిరిగే పావుగంట యార్డులో ఎవడూ పనిచేసేవాడు కాదు. ఊపిరి బిగబట్టి చూడటమే. నాలుగొందల టన్నుల ఇల్లు గాలిలో బొర్లుతుంటే ఎవరికి పనిమీద బుద్ధి పుడుతుంది!

మామూలుగా బ్లాకు తిరిగాకే బాణాలాయన లోపలికి వెళ్ళేవాడు. సుద్దతో చిన్న గీతలు గీసి, వాటి మీద సుత్తితో చుక్కలు కొట్టి వచ్చేవాడు. ఇక్కడ ఈ అంకె, ఇక్కడ బాణం, ఇటు వైపు. అసలు రంగు మూడు నాలుగేళ్ళ తరువాత, గోడలకు పూతలన్నీ అయ్యాక. కానీ కింది ఐదో అంతస్తులో ఒక బ్లాకు విషయంలో తొందర వచ్చింది. ఓడ కట్టే పెద్ద గొయ్యిని డాక్ అంటారు, అందులోకి నీళ్ళు వదిలే రోజు పెట్టేశారు, క్రేన్లు ఖాళీ లేవు. "తిరిగేదాకా ఆగకు, ఇప్పుడే గుర్తులు కొట్టెయ్" అన్నాడు మేస్త్రీ. బాణాలాయన వెళ్ళాడు. కాళ్ళ కింద ఉన్నది పైకప్పని తెలుసు. తెలిసే, నిచ్చెనేసుకుని పైనుంచి జానెడు కొలిచాడు. కానీ ఇరవై ఏళ్ళ అలవాటు చెయ్యి పట్టుకుంది. ముక్కు వైపు తిరిగాడు, కుడిచెయ్యి ఎత్తాడు, చకచకా గుర్తులు కొట్టి వచ్చేశాడు.

నాలుగేళ్ళ తరువాత ఆ గుర్తుల మీదే రంగు వేశాడు. అప్పటికి ఆ నడవా నిండా తీగలు వేలాడుతున్నాయి, ఈ వారం ఒక గోడ, ఆ నెల ఇంకో గోడ. వేరేవాడి గుర్తు అయితే కొలిచి చూసుకునేవాడే. తన గుర్తాయె. ఇంకేం చూస్తాడు?

ఈ రంగుల కంటే ముందు, డాక్‌లోకి నీళ్ళు వదిలిన రోజు సంగతి మాత్రం చెప్పుకోవాలి. పనివాళ్ళ ఇళ్ళవాళ్ళందరినీ రానిచ్చారు. నీళ్ళు గంటల తరబడి ఎక్కుతున్నాయి. జనం ఎండలో నిలబడి చూస్తూనే ఉన్నారు.

"ఏదీ, కదల్లేదే?" అంది భార్య.

"కదిలిందే పిచ్చిదానా! ఓడని చూడకు, గట్టుకీ ఓడకీ మధ్య సందు చూడు."

ఆమె చూసింది. సందులో వెలుతురు సన్నటి దారంలా ఉన్నది కాస్తా తాడంత అయింది. అంత ఇనుము, అన్నేళ్ళ చెమట, ఒక్క చప్పుడు లేకుండా తేలింది. పక్కన ముసలి వెల్డరు ఒకాయన టోపీ తీసి అందులో మొహం దాచుకున్నాడు. బాణాలాయన మాత్రం, "లేచింది! లేచింది!" అని ఎవర్నో తెలియని మనిషిని కావలించుకుని గంతులేశాడు.

తేలిన ఐదేళ్ళకు ఓడను సముద్రం మీద పరీక్షకు తీసుకెళ్ళారు. ఐదు రోజులు. నావికులతో పాటు యార్డువాళ్ళు రెండొందల మంది వెళ్ళారు. రంగు ఎక్కడైనా గీసుకుపోతే దిద్దడానికి బాణాలాయన కూడా ఎక్కాడు. జన్మలో మొదటిసారి తను చేసిన వస్తువు మీద తను ప్రయాణం! మొదటి రోజంతా చిన్నపిల్లాడిలా తిరిగాడు. ఇంజన్ల గదిలో ఇనుము మీద చెయ్యి పెట్టి దాని వణుకు చూశాడు. వంటశాలలో మనిషి పట్టేంత గుండిగ చూసి వచ్చాడు.

రెండో రోజు పొద్దున తొమ్మిదింటికి కాంటీన్ బాబాయ్ ఎదురయ్యాడు. యార్డు కాంటీన్‌లో టీ పోసే మనిషి, ముందు బొజ్జ వస్తే తరువాత ఆయన వస్తాడు. చేతిలో టీ కెటిల్, మొహం నిండా చెమట.

"ఏమయ్యా బాణాలాయనా, రామబాణానికి తిరుగులేదంటారు. నీ బాణం పట్టుకుని మెట్లకోసం పోతే చీపుళ్ళ గది వచ్చింది!"

"నీ బొజ్జ అడ్డమొచ్చి బాణం కనపడుండదు బాబాయ్."

"ఒట్టు! మూడుసార్లు పోయాను. మూడుసార్లూ చీపుళ్ళే. కింది ఐదో అంతస్తు. ఈ టీ చల్లారిపోయింది, నువ్వే తాగు, నీ పుణ్యమే."

బాణాలాయన నవ్వుకుంటూనే దిగాడు. నడవాలో గొంతుక్కూర్చుని బాణం చూశాడు. చక్కటి బాణం, అంచు ఎక్కడా చెదరలేదు. అది చూపిస్తున్న తలుపు తీశాడు. లోపల తీగల కట్టలు, రెండు చీపుళ్ళు, ఒక బక్కెట్టు. మనిషి వెనక్కి తిరగడానికి చోటు లేదు. ఎదురు వైపు తలుపు తీశాడు. అక్కడున్నాయి మెట్లు, నిటారుగా, పైకి.

ముక్కు వైపు తిరిగాడు. కుడిచెయ్యి ఎత్తాడు. కుడివైపు తలుపు మీద సరి అంకె ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, తలకిందులుగా ఉన్న ఆ బ్లాకు, కాళ్ళ కింద పైకప్పు. జేబులో చిన్న పుస్తకం తీసి చూశాడు. ఆ బ్లాకులో కుడి ఎడమలు చెప్పే బాణాలు నలభై ఒకటి. ఒక్కటంటే ఒక్కటి కూడా సరైన వైపు లేదు.

అదే రోజు మధ్యాహ్నం మూడింటికి పొగ పరీక్ష. ఆ అంతస్తులోనే. దీపాలన్నీ ఆర్పి, యంత్రంతో నిజంగా పొగ వదిలి, అరవై మంది నావికుల్ని పాకించి బయటికి రప్పిస్తారు. అరవై మంది ఆ చీపుళ్ళ గదిలోకి ఒకరి మీద ఒకరు పడితే? పరీక్ష పొగ ప్రాణం తియ్యకపోవచ్చు. తొక్కిసలాట తీస్తుంది. పోనీ ఈ రోజు గడిచినా, రేపు నిజంగా అంటుకుంటే?

నోరు మూసుకోవచ్చు. నక్షాదే తప్పని ఎవరో అంటారు, పదిమంది మీద సర్దుకుపోతుంది. ఇరవై ఆరేళ్ళలో ఆయన చేతిని ఎవరూ వేలెత్తి చూపలేదు. ఆ మాట ఒక్క క్షణం మనసులోకి వచ్చింది. వచ్చిందని తరువాత ఇంట్లో తనే చెప్పుకున్నాడు. కానీ కాళ్ళు అప్పటికే మెట్లెక్కుతున్నాయి.

ఓడలో అగ్గి సంగతులన్నీ చూసేది ఒక ఆఫీసరమ్మ. సన్నగా, రివటలా ఉంటుంది, మాట మాత్రం మేకు దిగ్గొట్టినట్టు ఉంటుంది. ఆయన చెప్పింది విని, "తలకిందులైతే కుడి ఎడమెందుకవుతుంది? పైది కిందవుతుంది గానీ" అంది.

బాణాలాయనకు మాటల్లో చెప్పడం రాలేదు. గబుక్కున ఆమె గదిలో నేల మీద బోర్లా పడుకున్నాడు. "చూడండమ్మా, నా తల ఓడ ముక్కు వైపు. నా కుడిచెయ్యి ఎటుంది? ఆ బీరువా వైపు కదా. ఇప్పుడు చూడండి." వెల్లకిలా తిరిగాడు. "తల అక్కడే ఉంది. కుడిచెయ్యి ఎటొచ్చింది? తలుపు వైపు! నేనప్పుడు బ్లాకు బోర్లా ఉండగా కొట్టానమ్మా."

ఆఫీసరమ్మ నవ్వలేదు. గోడ గడియారం చూసింది. "ఎన్ని?"

"నలభై ఒకటి."

"మూడు లోపల దిద్దగలరా?"

"మనుషుల్నిస్తే దిద్దుతా."

"దిద్దితే సరే. లేకపోతే పరీక్ష ఆపుతా, ఎందుకాపానో ఓడ పెద్దాయనకి రాసిస్తా. మీ పేరుతో సహా."

"రాయండమ్మా. దిద్దినా రాయండి" అని పరుగెత్తాడు.

ఆ ఐదు గంటలు ఆ నడవాలో పండగే అనాలి. ఇద్దరు వెల్డర్లు, నలుగురు నావికులు, పనేమీ లేక వచ్చిన కాంటీన్ బాబాయ్. ఒకడు గీకుడు రేకుతో పాత బాణాన్ని గీకడం, వెనకే ఇంకొకడు టర్పెంటైన్ గుడ్డతో తుడవడం, వాళ్ళ వెనక బాణాలాయన అచ్చు పెట్టి రంగు కొట్టడం, ఆయన వెనక వెల్డరు వేడిగాలి గొట్టంతో ఆరబెట్టడం. అందరూ గొంతుక్కూర్చునే. ఒక వరుస కప్పలు.

"మామా, ఇరవై ఆరేళ్ళు ఇలాగే కూర్చున్నావా? నాకు ఇరవై ఆరు నిమిషాలకే నడుం పోయింది!"

"నోరాడించకు, చెయ్యాడించు."

"బాబాయ్, మీరు లేవండి. మీరు కూర్చుంటే దారి మూసుకుపోతోంది."

"మూసుకుపోనీరా, పొగ ఇటు రాకుండా నేనే ఆపుతా!"

పన్నెండింటికి పద్నాలుగు. ఒంటిగంటకు ఇరవై మూడు. రెండింటికి ముప్పై నాలుగు. ఎవరూ అన్నానికి లేవలేదు. తలుపుల మీద అంకెలు మార్చే పని ఒక నావికుడు తీసుకున్నాడు, వాడి చేతిరాత కుదురుగా ఉంది. రెండూ నలభైకి బాణాలాయన బ్రష్షు దించి లెక్క చూశాడు. నలభై.

మళ్ళీ చూశాడు. నలభయ్యే. పుస్తకంలో ఆఖరి గీత: పదిహేడో పక్కటెముక, ఎడమ గోడ. ఓడకు మనిషికిలాగే పక్కటెముకలుంటాయి, వాటిని ముక్కు నుంచి లెక్కపెడతారు. పదిహేడు దగ్గరకు పాకి వెళ్ళాడు. అక్కడ గోడకు ఇనప బీరువా ఉంది, సామాను నిండుగా, నాలుగు మూలలా బోల్టులు బిగించి. నడవా రెండుగా చీలే చోటది. బాణం దాని వెనకుంది.

"బోల్టులు విప్పుదాం" అన్నాడు వెల్డరు.

"ఇరవై నిమిషాల్లో విప్పి, సామాను తీసి, పక్కకి జరిపి, రంగేసి, ఆరబెట్టి... కాదులే." బాణాలాయన మళ్ళీ ఆఫీసరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. వెనకున్నది తప్పు బాణం, దాని బదులు బయట ఏ బాణమూ లేదు, ఆ చీలిక దగ్గర మనిషికి ఎటుపోవాలో తెలియదు.

"అక్కడ ఒక మనిషిని కూర్చోబెడతా" అంది ఆమె.

"నేను కూర్చుంటానమ్మా."

"మీకు పొగ అలవాటు లేదు."

"ఆ చోటు నాకు అలవాటే."

మూడింటికి దీపాలారాయి. తరువాత పొగ వచ్చింది. తెల్లగా కాదు, నల్లగా కాదు, అసలు రంగే తెలియలేదు. కళ్ళు మండాయి. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని బీరువాకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు బాణాలాయన. దూరంగా అరుపులు, బూట్ల చప్పుడు, తరువాత నేల మీద మోకాళ్ళ దబదబ. మొదటి చెయ్యి వచ్చి ఆయన పాదం మీద పడింది. ఆ చెయ్యి పట్టుకుని సరైన వైపుకు తోశాడు. "ఇటు! గోడ వదలకు, జానెడు ఎత్తున చూడు!" రెండోది. మూడోది. ఒకడు ఆయన మొహం తడిమి, "ఎవర్రా ఇది!" అని కెవ్వుమన్నాడు. "బాణాన్నిరా! పో ఇటు!" అన్నాడాయన. పొగలో దగ్గుతూనే నవ్వొచ్చింది. తోసిన ప్రతి చేతినీ లెక్కపెట్టాడు. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది. అరవయ్యోవాడు రాలేదు. అంతలో దగ్గు వినిపించింది, మెల్లగా ఒక బక్క చెయ్యి వచ్చి మోకాలికి తగిలింది. ఆ చెయ్యి వదలకుండా పట్టుకుని, తను కూడా పాకుతూ, తన బాణాల వెంటే, తడిసీ తడియని ఆ పచ్చరంగు మెరుపు వెంటే, మెట్ల దాకా వెళ్ళాడు.

పైకెక్కేసరికి ఎండ. గాలి. అరవై మందీ విమానాల దారి పక్కన, డెక్కు అంచున పడుకుని దగ్గుతున్నారు, నవ్వుతున్నారు. ఆ అరవయ్యోది ఆఫీసరమ్మ. ఆఖరున ఒక నావికుణ్ణి ఆపి, అతని బదులు తనే దిగి, తనే పాకి వచ్చింది. "బాణాలు సరిగ్గానే ఉన్నాయి" అంది మొహం తుడుచుకుంటూ. ఇంకేదో అనబోయింది గానీ ఆకాశంలో చప్పుడైంది. మొదటి విమానం దిగుతోంది. అంత వేగంతో వచ్చి, తోకకున్న కొక్కెంతో డెక్కు మీది ఇనపతాడు పట్టుకుని, పగ్గం లాగిన గుర్రంలా ఠక్కున ఆగింది. అరవై మందీ లేచి అరిచారు. బాణాలాయన గొంతు మళ్ళీ పోయింది.

దిగేముందు ఆ బీరువా జరిపించమని ఆఫీసరమ్మకు మరీ మరీ చెప్పాడు. దిద్దాల్సిన పనుల జాబితాలో రాసింది. ఆ జాబితాలో రెండు వేల పనులున్నాయి. నెల తిరక్కుండా ఓడ నౌకాదళం చేతికి వెళ్ళింది, ఆఫీసరమ్మకు వేరే చోటికి బదిలీ అయింది, యార్డువాళ్ళ లోపలి పాసులు రద్దయ్యాయి. నలభై ఒకటో బాణం ఏమైందో తెలియలేదు.

పైకి ఆయన మామూలుగానే ఉండేవాడు. పని చేశాడు, రిటైరయ్యాడు. కానీ ముల్లు అరికాల్లో దిగి విరిగితే ఎలాగుంటుందో అలాగుండేది. ఓడ మాత్రం దర్జాగా తిరిగింది. వరదలొచ్చిన తీరాలకు మంచినీళ్ళు మోసింది. తుఫానులో చిక్కిన జాలర్లను హెలికాప్టర్లతో ఎత్తుకొచ్చింది. పొరుగు దేశాల రేవులకు వెళ్ళి జనానికి లోపలంతా చూపించింది. టీవీలో కనపడితే చాలు, ఆయన నేల మీద జరుగుతూ జరుగుతూ తెరకు ముక్కానించేవాడు.

"కింది ఐదో అంతస్తు చూపించరేం?"

"మరే, టీవీవాళ్ళు వచ్చేది చీపుళ్ళ గది చూడ్డానికే!" అనేది భార్య. అని, నవ్వు ఆపుకుని, ఆయన పక్కనే తనూ కూర్చునేది. ఆమెకు తెలుసు ఆయన దేనికోసం చూస్తున్నాడో. ఆ బీరువా వెనక తప్పు బాణం అలాగే ఉండి, ఎప్పుడో ఎవరో బీరువా తీసేస్తే, పొగలో ఎవడో దాన్ని నమ్మితే.

పద్నాలుగో ఏట, ఒక మధ్యాహ్నం, టీవీలో ఓడ వచ్చింది. ఈసారి దాని పక్క నుంచి నల్లటి పొగ లేస్తోంది. విద్యుత్ పరికరాల గదిలో మంటలన్నారు. కింది ఐదో అంతస్తన్నారు. లోపల యాభై మూడు మంది అన్నారు. ఆయన నేల మీద నుంచి లేవలేదు. భార్య టీవీ శబ్దం పెంచి, ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. పొయ్యి మీది పాలు పొంగి పోయాయి. ఎవరూ లేవలేదు.

నాలుగింటికి కాంటీన్ బాబాయ్ ఫోన్. "యాభై మూడూ బయటికొచ్చారయ్యోయ్! నా అల్లుడి స్నేహితుడు అందులోనే ఉన్నాడు. దగ్గుతున్నారంతే! వింటున్నావా?"

విన్నాడు. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. కానీ గంట గడిచాక మళ్ళీ అదే ముల్లు. "వచ్చారు సరే. బాణం వల్ల వచ్చారా, బాణం తప్పు చెప్పినా వచ్చారా?"

ఓడ మరమ్మతుకు అదే డాక్‌కు తిరిగొచ్చింది. మూడు వారాలకు ఇంటికి జీపు వచ్చింది. ఆఫీసరమ్మ పంపింది. ఇప్పుడావిడ పెద్ద హోదాలో ఉంది, జుట్టు నెరిసింది. కాలిన అంతస్తుకు మళ్ళీ గుర్తులు వెయ్యాలి, పాత చెయ్యే కావాలని పట్టుబట్టిందట.

"అరవై ఏడేళ్ళొచ్చాయి, మోకాళ్ళ సంగతేంటండీ?" అంది భార్య.

"మోకాళ్ళని ఇక్కడే ఉండమను, నేను వెళ్ళొస్తా" అని చొక్కా తొడుక్కున్నాడు.

టార్చిలైటు పట్టుకుని దిగాడు. గోడలన్నీ మసి. కాలిన వాసన. గొంతుక్కూర్చుని లైటు కిందికి తిప్పాడు. జానెడు ఎత్తున, ఆ మసిలో, చేతులు. ఎన్ని చేతులో! అరచేతులు, వేళ్ళు, ఈడ్చుకుపోయిన గీతలు, ఒకదాని మీద ఒకటి. బాణం ఎటు చూపితే అటు. ప్రతి బాణం దగ్గరా వేళ్ళు ఆగి, తడిమి, మళ్ళీ సాగాయి. ఒక్కో బాణం దాటుతూ, ఆ చేతుల వెంటే తనూ పాకుతూ, పదిహేడో పక్కటెముక దగ్గరికి వచ్చాడు.

బీరువా లేదు. ఎప్పుడు తీశారో, పాత బోల్టు కన్నాలకు కూడా తుప్పు పట్టింది. తన పచ్చబాణం అక్కడే ఉంది, తప్పు వైపుకు. కానీ దాని నిండా కత్తి మొనతో అడ్డదిడ్డంగా గీకేసి ఉంది. దాని కింద ఎవరో, ఏ ఉలితోనో, ఇనుములోకి లోతుగా, ఒక బాణం చెక్కారు. సరైన వైపుకు. ఎంత వంకర బాణం! ఒక రెక్క పొడుగు, ఒక రెక్క పొట్టి. గాడి లోపలి మసి అంతా వేళ్ళకు అంటుకుపోయి, ఇనుము తెల్లగా మెరుస్తోంది. యాభై మూడు మంది వేళ్ళు దాన్ని చదివాయి.

ఆయన కళ్ళు మూసుకుని దాని మీద వేలు పెట్టాడు. చీకట్లో కూడా తెలుస్తోంది ఎటు పోవాలో. తన రంగు బాణాలు మసి పడితే కనపడవు. ఇది మసి పడినా చెబుతుంది.

"ఎవరు చెక్కారమ్మా?" వెనక నిలబడ్డ ఆఫీసరమ్మను అడిగాడు.

"అడిగాను. పాత సిబ్బంది ఎవరో. బదిలీ అయిపోయుంటారు. నా జాబితాలో ఆ పని ఎక్కడో అడుగునే మిగిలిపోయింది." ఆమె తలొంచుకుంది. "అదంతా చెరిపి మంచిగా వేసెయ్యండి."

"దీన్ని ముట్టనమ్మా. మిగతా నలభైకీ ఒక ఉలి తెప్పించండి."

ఐదు వారాలు పట్టింది. ముందు చెక్కడం, తరువాత గాడిలో రంగు. వెల్డర్లు ఇచ్చిన తోలుముక్క మోకాళ్ళకు కట్టుకుని, రోజూ మసి మొహంతో ఇంటికి వచ్చేవాడు. మొదటి రోజు గుమ్మంలోనే మొదలుపెట్టాడు, అన్నం కూడా తినకుండా, చేతులు తిప్పుతూ, ఆ చేతి గుర్తుల సంగతి, గాడి సంగతి, అంతా.

"వాడెవడో గానీ ఎంత వంకరగా గీశాడనుకున్నావే! ఒక రెక్క ఇంత, ఒక రెక్క అంత! నా దగ్గరుంటే నేర్పించేవాణ్ణి."

"మీరింకేం నేర్పిస్తారు, వాడే మీకు నేర్పాడుగా" అంది భార్య, చెంబుతో నీళ్ళు అందిస్తూ.

ఆయన చెంబు అందుకుని, ఆగి, ఆమె మొహం చూసి పకపకా నవ్వాడు. మసి మొహంలో పళ్ళు ఒక్కటే కనపడ్డాయి.